ఉదయగిరికి నెలకొక్క రోజు

సంపాదకులు గారికి,

ఏటా అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం, డిసెంబరు 3న వికలాంగుల దినం వస్తాయి. ర్యాలీ తీస్తారు, బ్యానరు కడతారు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. మందు ఎక్కడ దొరుకుతుంది, సర్టిఫికెట్ ఎవరిస్తారు, తల్లి పోతే బిడ్డను ఎవరు చూస్తారు అన్న లెక్కలు మాత్రం మిగతా రోజుల్లో ఇళ్లల్లో జరుగుతుంటాయి. ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో, ఎందుకు తప్పుతోందో తెలిసినవాళ్లం కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగ్గానే రాస్తున్నాం. చోటు చాలకపోతే కత్తిరించండి గానీ మందుల భాగం, సర్టిఫికెట్ భాగం ఉంచండి.

మేం అడిగేది ఒక్కటే. నెల్లూరు జిల్లా మెట్టలోని ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, వింజమూరు, కలిగిరి, కొండాపురం మండలాల కోసం ఉదయగిరి ప్రభుత్వాసుపత్రిలో నెలకొక్క రోజు కేటాయించాలి. ఫలానా వారం అని ముందే ఖాయం చేసి, సచివాలయాల్లో బోర్డు పెట్టాలి. ఆ రోజు సైకియాట్రిస్టు, తెలివితేటల పరీక్ష చేయగల క్లినికల్ సైకాలజిస్టు, వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం పని చూసే ఉద్యోగి, విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ నుంచి ఒకరు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రం టీచరు ఒకే కప్పు కింద కూర్చోవాలి. మిగతా 29 రోజులు మందులు పీహెచ్‌సీలోనూ 104 బండిలోనూ దొరకాలి. కొత్త భవనం అడగడం లేదు, కొత్త చట్టమూ అడగడం లేదు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉద్దేశమే వైద్యాన్ని పెద్దాసుపత్రి గోడల మధ్య నుంచి పల్లెకు తేవడం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసి, జిల్లాలో కనీస సేవలు లేకపోతే మనిషి అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న వైద్యం ఖర్చు కూడా ప్రభుత్వమే భరించాలంది.

దూరం సంగతి ముందు చూద్దాం. సీతారామపురం మండలం నుంచి నెల్లూరు వంద కిలోమీటర్ల పైమాటే. జబ్బు మనిషి ఒక్కడూ వెళ్లలేడు, తోడు కావాలి. ఇద్దరికీ రానూపోనూ బస్సు చార్జీలు, ఇద్దరి కూలీ పోతాయి. ఉపాధి హామీ కూలి లెక్కనే చూసినా 2025–26లో మనిషికి రోజుకు 307 రూపాయలు. ఓపీ చీటీ, డాక్టరు గది, మందుల కౌంటరు అని మూడు వరసల్లో నిలబడితే మధ్యాహ్నం అవుతుంది. బస్టాండులో, వరసలో, జనం రొదలో భయపడి అరిచే మనిషిని పట్టుకుని నిలబడటమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రెండు నెలలు వెళ్తారు. మూడో నెల కోతలో, నాట్లో, జ్వరమో అడ్డం వస్తుంది. "ఇప్పుడు బానే ఉన్నాడు గదా, వచ్చే నెల చూద్దాంలే" అంటారు. అక్కడే దారం తెగుతుంది.

మందు ఆపిన మర్నాడే ఏమీ కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. స్కిజోఫ్రీనియా (భ్రమలు, అనుమానాలు పట్టే జబ్బు) మందులు పూర్తిగా పని చేయడానికి వారాలు పట్టినట్టే, ఆపాక జబ్బు తిరగబెట్టడానికి కూడా వారాలో నెలలో పడుతుంది. అందుకని ఆపడానికీ తిరగబెట్టడానికీ సంబంధం ఇంట్లోవాళ్లకు కనపడదు. మొదట నిద్ర తగ్గుతుంది. తర్వాత అనుమానంగా చూడటం, స్నానం మానేయడం, ఒంటరిగా గొణుక్కోవడం. నిద్ర తగ్గిన మూడు నాలుగు రోజుల్లో డాక్టరుకు చూపిస్తే మోతాదు సరిచేయడంతో సరిపోవచ్చు. కేకలు, కొట్లాటలు మొదలయ్యేదాకా ఆగితే ఆసుపత్రిలో పెట్టాల్సి వస్తుంది. మొదటిసారి జబ్బు చేసి నయమైన మనిషికి కూడా కనీసం ఏడాది, రెండేళ్లు మందు నడవాలి. పదేపదే వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. బీపీ, షుగరు మాత్రల్ని జీవితాంతం మింగడానికి ఒప్పుకున్న ఊళ్లు ఈ మాత్రలకు వచ్చేసరికి "ఎన్నాళ్లు మింగుతాడు, మెదడు మొద్దుబారిపోదా" అంటాయి. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనేదీ ఈ నోళ్లే. ఆ సలహా వల్ల ఒక ఇంటి కష్టం రెండిళ్ల కష్టం అవుతుంది.

పీహెచ్‌సీలో ఉంచాల్సిన మందుల జాబితా పెద్దదేం కాదు. రిస్పెరిడోన్, ఒలాంజపిన్, హాలోపెరిడాల్, వాటివల్ల వచ్చే కండరాల బిగుతుకు ట్రైహెక్సీఫెనిడిల్, దిగులు జబ్బుకు ఫ్లూఆక్సెటిన్ లేదా ఎస్సిటాలోప్రామ్, ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే బైపోలార్‌కు లిథియం, వాల్ప్రోయేట్, మూర్ఛకు వాడేవి ఒకటి రెండు. వీటికి తోడు ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ ఇంజెక్షన్. మాత్ర మింగనని మొండికేసే మనిషికి ఈ ఇంజెక్షన్ పెద్ద ఆసరా. మొదటిసారి 12.5 మిల్లీగ్రాములు పరీక్షగా ఇచ్చి చూసి, తర్వాత డాక్టరు రాసిన మోతాదు, సాధారణంగా 12.5 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి పిరుదు కండలోకి లోతుగా ఇస్తారు. నూనె మందు కాబట్టి సన్న సూది పనికిరాదు. ఫ్రిజ్ అక్కర్లేదు, వెలుతురు తగలకుండా ఉంచితే చాలు. ఏఎన్‌ఎం చేయగల పని. చేశాక రెండు మూడు రోజుల్లో మెడ పక్కకు లాగేసినా, నాలుక బయటికి తోసుకొచ్చినా, కళ్లు పైకి తేలేసినా భయపడి మందు మాన్పించేస్తారు. దయ్యం తిరిగొచ్చిందని అనుకునేవాళ్లూ ఉన్నారు. అది మందు వల్ల కండరాలు బిగుసుకోవడం. ఆసుపత్రిలో ప్రోమెథజిన్ లాంటి ఇంజెక్షన్ ఇస్తే అరగంటలో సర్దుకుంటుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పి పంపితే మందు మానేసేవాళ్లు సగానికి సగం తగ్గుతారని మా నమ్మకం.

ఆడవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. రిస్పెరిడోన్ వాడితే కొందరికి నెలసరి ఆగుతుంది, రొమ్ముల్లో పాలు కూడా రావచ్చు. పెళ్లికాని పిల్లకు ఇలా అయితే ఇంట్లో జరిగే గొడవ ఊహించుకోవచ్చు. డాక్టరు మందు మారిస్తే సరిపోయేదానికి పరువు తగాదా అవుతుంది. అలాగే కాన్పు వయసు ఆడపిల్లకు వాల్ప్రోయేట్ అలవాటుగా రాసుకుంటూ పోకూడదు. కడుపులో బిడ్డకు వెన్ను లోపాలు, మానసిక ఎదుగుదల లోపాలు తెచ్చే మందు అది. ఒలాంజపిన్ బరువూ షుగరూ పెంచుతుంది. మొదలుపెట్టిన రోజు బరువు, నడుము కొలత, పరగడుపు షుగరు రాసుకుని మూడు నెలలకు మళ్లీ చూడాలి. పల్లె క్లినిక్‌లో గ్లూకోమీటరు ఉండనే ఉంది.

లిథియం గురించి మన వైపు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎందుకంటే మన ఎండలు అలాంటివి. ఈ మందు రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మేలు చేస్తుంది, అది దాటి పైకి పోయేకొద్దీ విషం. మంచికీ చెడుకీ మధ్య గీత అంత సన్నం. రోహిణి కార్తెలో కయ్యల్లోనో, ఇటుక బట్టీ దగ్గరో చెమట కారుస్తూ పనిచేసే మనిషి ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గితే మోతాదు మారకపోయినా రక్తంలో లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. బీపీ ఉందని ఎవరో చెబితే ఉప్పు ఒక్కసారిగా మానేసినా అంతే. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా దాన్ని పెంచుతాయి. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. చేతులు బాగా వణకడం, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం, వాంతులు కనపడితే ఆ పూట మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. తాగాడేమోనని పక్కన పడుకోబెట్టకూడదు. రక్త పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్నాక 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున్నే మాత్ర మింగి ల్యాబుకు వెళ్తే లెక్క తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. మోతాదు కుదిరాక కూడా మూడు నెలలకోసారి ఈ పరీక్ష ఉండాలి, ఆరు నెలలకోసారి థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చూడాలి.

అన్నంలో, సాంబారులో మాత్ర నలిపి కలిపే ఇళ్లు చాలా ఉన్నాయి. తప్పని పరిస్థితిలోనే చేస్తారు, వాళ్లను తిట్టి లాభం లేదు. కానీ ఒక్కసారి తెలిసిపోయిందా, "నాకు విషం పెడుతున్నారు" అన్న అనుమానానికి సాక్ష్యం దొరికినట్టే. ఆ తర్వాత అమ్మ చేతి కూడు కూడా ముట్టడు. దానికన్నా చెప్పి, ఒప్పించి, వీలుకాకపోతే ఇంజెక్షన్ అడగడం మేలు. గొలుసు సంగతీ అలాంటిదే. 2017 చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బున్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. రాత్రిపూట హైవే మీదికి పోతాడన్న భయంతో మంచం కోడుకు కట్టే తల్లికి ఆ సెక్షన్ చదివి వినిపిస్తే ఏమొస్తుంది? మందు తిన్నగా అందితే చాలా ఇళ్లల్లో ఆ గొలుసు అవసరం తీరిపోతుంది.

ఏఎస్ పేట దర్గాకు తీసుకెళ్లి నిద్ర చేయించే ఆచారం మన జిల్లాలో కులమతాలతో పనిలేకుండా ఉంది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో మేం చేరం. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చిక్కుకుని పోయారు. ఆ ఘోరం తర్వాత నేర్వాల్సిన పాఠం దర్గాలు మూయించాలని కాదు. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గా దగ్గర దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా ఇచ్చే ఏర్పాటు చేశారు. మొక్కుకునేవాళ్లు మొక్కుకుంటారు, పక్కనే డాక్టరూ కూర్చుంటాడు. జనం ఎలాగూ వచ్చే చోటు కాబట్టి ఏఎస్ పేట పీహెచ్‌సీలో వారానికో పూట సైకియాట్రీ ఓపీ పెడితే వెతుక్కుంటూ తిరగాల్సిన రోగులు వాళ్లంతట వాళ్లే దొరుకుతారు.

ఇక సర్టిఫికెట్. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. మానసిక జబ్బు, మేధో వైకల్యం, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది వేర్వేరు పద్దులు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాటు తీసుకునేటప్పుడు పద్దు తప్పు పడితే డాక్టరు మారిపోతాడు, రోజు వృథా అవుతుంది. మేధో వైకల్యానికి సామాజిక ఎదుగుదల కొలిచే పరీక్ష చేస్తారు. 2018 మార్గదర్శకాల్లో ఆ కొలత 55–69 మధ్య వస్తే 50 శాతం, 36–54 అయితే 75 శాతం, 21–35 అయితే 90 శాతం, 20 లేదా అంతకు దిగువన 100 శాతం అని ఉండేది. పిల్లలకిచ్చే సర్టిఫికెట్ 5, 10, 18 ఏళ్ల దగ్గర మళ్లీ చేయించుకోవాలి. 18 ఏళ్లప్పుడు ఇచ్చేది శాశ్వతం. ఈ మూడో మెట్టు మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

మానసిక జబ్బుకు వాడే కొలబద్ద పేరు ఐడియాస్. అది ఎలా పనిచేస్తుందో తెలియక ఓడిపోతున్న కుటుంబాలు ఎన్నో. నాలుగు సంగతులు చూస్తారు. తన పని తను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పనిపాట. ఒక్కోదానికి సున్నా నుంచి 4 దాకా మార్కులు. దానికి జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కలుపుతారు. రెండేళ్ల లోపు అయితే 1, రెండు నుంచి ఐదేళ్లకు 2, ఆరు నుంచి పదేళ్లకు 3, పదేళ్లు దాటితే 4. మొత్తం 20. ఆరు లోపు వస్తే 40 శాతం కంటే తక్కువ, 7 నుంచి 13 అయితే 40–70 శాతం, 14 నుంచి 19 అయితే 71–99 శాతం.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. ఒక మనిషికి నాలుగు సంగతుల్లో 1, 1, 1, 2 వచ్చాయనుకుందాం. మొత్తం 5. జబ్బు ఏడేళ్లుగా ఉందని పాత చీటీ చూపిస్తే 3 కలిసి 8 అవుతుంది, 40 శాతం దాటుతుంది, ఒకటో తారీఖున 6,000 రూపాయల పింఛను వస్తుంది. ఆ చీటీ చెదలు తినేసిందనో, ఇల్లు కప్పు మార్చినప్పుడు పారేశారనో ఏడాది కిందటి కాగితం ఒక్కటే తీసుకెళ్తే 1 కలిసి 6 అవుతుంది. పింఛను లేదు. మనిషి అదే, జబ్బు అదే, చీటీ ఒక్కటే తేడా. కాబట్టి మొట్టమొదటి డాక్టరు రాసిన చీటీ, ఆసుపత్రిలో ఉంచితే డిశ్చార్జి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేషన్ కార్డుతో పాటు దాచుకోవాలి. పోగొట్టుకుంటే చూపించిన ఆసుపత్రి నుంచి రికార్డు అడిగే హక్కు 2017 చట్టం 25వ సెక్షన్ ఇచ్చింది.

ఇంకో పొరపాటు మంచితనం వల్ల జరుగుతుంది. శిబిరానికి తీసుకెళ్లే రోజు ఇంట్లోవాళ్లు గడ్డం గీయించి, ఉతికిన చొక్కా తొడిగి, నూనె రాసి తల దువ్వి తీసుకొస్తారు. డాక్టరు "ఎలా ఉన్నావు?" అంటే "బాగున్నా" అంటాడు. పక్కనున్న తండ్రి నలుగురిలో కొడుకు పరువు పోనివ్వడం ఇష్టంలేక "ఇప్పుడు చాలా నయం సార్" అంటాడు. మార్కులు అక్కడికక్కడ పడిపోతాయి. వెళ్లేముందు ఓ నెలరోజులు నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఈరోజు స్నానానికి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, అంగడికి పంపితే సరుకూ చిల్లరా సరిగ్గా తెచ్చాడా, ఎవరితో మాట్లాడాడు, పనికి పోతే ఎన్ని గంటలు నిలిచాడు. దాచొద్దు, పెంచి చెప్పొద్దు. 2025లో వికలాంగ పింఛన్లను తిరిగి పరిశీలించినప్పుడు 40 శాతం లోపే ఉందని నోటీసులు వచ్చినవాళ్లకు కూడా ఆధారం ఈ కాగితాలే. జబ్బు అదుపులో ఉండటం మందు వల్లేనని, మందు ఆపినప్పుడు ఏమైందో తేదీలతో చూపడం వల్లే అప్పీలుకు బలం వస్తుంది.

రాష్ట్రంలో పింఛను చాలా రాష్ట్రాలకన్నా మెరుగు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ డబ్బు బిడ్డది. వాడిని కనిపెట్టుకుని ఉండటం కోసం కూలి మానుకున్న తల్లికి ఏముంది? 2016 చట్టం 24వ సెక్షన్‌లో ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్లకు సంరక్షకుల భత్యం అన్న మాట ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పేరుతో నెలకు 600 రూపాయలు పెట్టారు. చిన్న మొత్తమే, అయినా ఆమె చేసేది కూడా పనేనని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నట్టు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. ముందు ఆరోగ్య పరీక్షలు అడగరు, వయసుతో పనిలేదు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ లాంటివి కూడా పరిమితులకు లోబడి వస్తాయి. ఆ థెరపీల ఖర్చు మామూలు బీమాలు పట్టించుకోవు కాబట్టి దీని విలువ అక్కడే. పేదరిక రేఖ దిగువ కుటుంబానికి చేరేటప్పుడు 250, ఏటా రెన్యువల్‌కు 50 రూపాయలు. మిగతావాళ్లకు 500, 250. ముందు మనం కట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి. థెరపిస్టు బిల్లు మీద పేరు, తేదీ, ముద్ర లేకపోతే తిరిగొస్తుంది. మార్చి 31 దాటి రెన్యువల్ మర్చిపోతే ఏప్రిల్లో చేసిన ఖర్చు మన నెత్తిన పడుతుంది. మానసిక జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. రైల్లో రాయితీ కూడా అంతే. తోడు లేకుండా ప్రయాణించలేని మేధో వైకల్యం వాళ్లకు, తోడు వచ్చేవాళ్లకు స్లీపర్లో 75 శాతం తగ్గింపు ఉంది, మానసిక జబ్బువాళ్లకు లేదు. రెండూ ఒకటేననుకుని స్టేషన్లో వాదించి అవమానపడొద్దు.

చిన్నపిల్లల విషయంలో ఊరికే కాలం పోనివ్వొద్దని మాత్రం చెప్పగలం. ఏడాదిన్నరకు పేరు పిలిస్తే తిరగకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలకకపోయినా "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే" అని ఆగకూడదు. అంగన్‌వాడీకి వచ్చి పిల్లల ఆరోగ్యం పరీక్షించే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించాలి. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గర చదువు, తోడు వచ్చేవాళ్లకు భత్యం అడగవచ్చు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వ సీఆర్‌సీ (వైకల్యాలున్నవాళ్ల ప్రాంతీయ కేంద్రం) ఉంది. పరీక్షలు, థెరపీలు, ప్రత్యేక విద్య అక్కడ దొరుకుతాయి. థెరపీకి వారానికి మూడుసార్లు నెల్లూరు పోవడం మెట్టవాళ్ల వల్ల కాదు. నెలకోసారి వెళ్లి, తల్లి చేయాల్సినవి నాలుగు నేర్చుకుని, ఇంట్లో రోజుకు రెండు పూటలా అరగంట చొప్పున చేయించడం కుదురుతుంది. అందుకే ఆ నెలవారీ రోజున సీఆర్‌సీ నుంచి ఒక థెరపిస్టు కూడా ఉదయగిరి రావాలంటున్నాం.

పద్దెనిమిదేళ్లు నిండిన రోజు ఏం మారుతుందో చాలా ఇళ్లకు తెలియదు. ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో తల్లిదండ్రులు తమంతట తామే సంరక్షకులు కారు. బ్యాంకులో సంతకం దగ్గర, పొలం పంపకాల దగ్గర ఈ సంగతి బయటపడుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం పరిధిలోని నాలుగు వైకల్యాలకు కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి ఫారం–ఎ పెట్టుకుంటే చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తారు. తల్లీతండ్రీ ఇద్దరూ కలిసి ఉండవచ్చు. నియమించిన ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తి వివరాలు, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా లెక్కలు కమిటీకి ఇవ్వాలి. ఈ చివరి పని ఎవరూ చెప్పరు, ఎవరూ చేయరు, తర్వాత దాయాదుల కోర్టు కేసులో ఇదే గుదిబండ అవుతుంది. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లయితే వైకల్యం ఉన్న బిడ్డ పేరు తాము బతికుండగానే పింఛను రికార్డులో ఎక్కించాలి. వయసు మీరినా ఆ బిడ్డకు కుటుంబ పింఛను వచ్చే వీలుంది. తండ్రి పోయాక పేరు ఎక్కించడం ఎంత కష్టమో ట్రెజరీ గుమాస్తాలను అడిగితే చెబుతారు.

"మా తర్వాత వీడి గతేంటి" అన్న ప్రశ్నకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. నేషనల్ ట్రస్ట్‌లో సమర్థ్, ఘరౌందా అని వేర్వేరు పథకాలుండేవి, తర్వాత రెంటినీ కలిపేశారు. మొదటిది కొద్దిరోజుల ఆశ్రయానికి, రెండోది జీవితాంతం ఉండటానికి. చెన్నైలో ది బాన్యన్ సంస్థ మానసిక జబ్బు నుంచి తేరుకున్నవాళ్లను నలుగురైదుగుర్ని ఊళ్లోనే అద్దె ఇంట్లో ఉంచి, ఒక ఆయాను తోడు పెట్టి నడుపుతోంది. కావలి లాంటి ఊళ్లో అలాంటి ఇల్లు ఒకటి నడపడం అసాధ్యమేమీ కాదు. ముందుగా నెలకు నాలుగు రోజులు బిడ్డను నమ్మి వదిలి వెళ్లగలిగే చోటు ఒకటి చూపిస్తే తల్లి తన కంటి ఆపరేషనైనా చేయించుకుంటుంది.

పోలీసు స్టేషన్లకు ఒక మాట. రోడ్డు మీద తిరిగే మతిస్థిమితం లేని మనిషిని తీసుకెళ్లి పక్క మండలం సరిహద్దులో దింపి రావడం పరిష్కారం కాదు. 2017 చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో ఉంచకూడదు. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించడానికి లేదు. ఇంట్లో అలాంటి మాటలు మాట్లాడే మనిషి ఉంటే పురుగుమందు డబ్బా, మాత్రల స్ట్రిప్పులు తాళం వేసి ఆ తాళం ఇంకొకరు ఉంచుకోవాలి. నెల మందులు మొత్తం ఆ మనిషి చేతికివ్వకూడదు. రాత్రయినా పగలైనా 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మాట్లాడటం, ఎక్కడికి వెళ్లాలో చెప్పడం దాకా ఆ ఫోను చేస్తుంది. మాత్ర మాత్రం ఫోన్లో రాదు.

నెలకొక్క రోజు సరిపోతుందా అని అడగొచ్చు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, ఆంధ్రప్రదేశ్ అందులో లేదు. ఆ సర్వే లెక్కన వెయ్యి మంది పెద్దవాళ్లలో 8 మందికి తీవ్ర మానసిక జబ్బు ఉంది. అదే మనకూ వేసుకుంటే 30,000 మంది పెద్దలున్న మండలానికి 240 మంది. ఏడు మండలాల వాళ్లను ఒక్క డాక్టరు ఒక్క రోజులో చూడలేడు, నిజమే. అయితే కుదురుగా ఉన్నవాళ్లకు డాక్టరు ప్రతినెలా అక్కర్లేదు, మాత్రే కావాలి. బీపీ, షుగరు వాళ్లకు 104 బండిలో పుస్తకం చూసి మాత్రలిస్తున్నట్టే వీళ్లకూ పచ్చ కార్డో, నీలం కార్డో ఒకటిచ్చి, డాక్టరు ఆరు నెలలకు రాసిన మోతాదు చూసి నెలనెలా ఇవ్వవచ్చు. ఆ నెల రాని మనిషి పేరు ఆశా కార్యకర్తకు ఇస్తే వారంలో ఇంటికి వెళ్లి అడుగుతుంది. రాని మనిషిని వెతకడమే ఈ పద్ధతికి ప్రాణం. కొత్తవాళ్లను, తిరగబెట్టినవాళ్లను, సర్టిఫికెట్ కావాల్సినవాళ్లను మాత్రమే ఆ నెలవారీ రోజున డాక్టరు చూస్తే రోజు సరిపోతుంది.

కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు. ఎవరికి వాళ్లు తమ బిడ్డ కథ రాస్తే అది ఒక్క ఇంటి సమస్యగా ఒక్క సంతకంతో మూసేస్తారు. అందుకని ఈ కింది మాటలే రాసి, మీ మండలం పేరు మార్చుకుని, ఇవ్వండి. అర్జీ నంబరు వేయించుకోకుండా కిటికీ దగ్గర నుంచి కదలొద్దు.

"ఉదయగిరి ప్రభుత్వాసుపత్రిలో ప్రతి నెలా ఒక ఖాయమైన రోజున మానసిక వైద్యుడు, క్లినికల్ సైకాలజిస్టు, సదరం ఉద్యోగి, సంక్షేమ శాఖ ప్రతినిధి హాజరయ్యేలా ఉత్తర్వులివ్వాలి. మండల పీహెచ్‌సీల్లో, 104 వాహనంలో మానసిక జబ్బుల మందులు, ఫ్లూఫెనజిన్ ఇంజెక్షన్ కనీసం రెండు నెలల నిల్వ ఉంచాలి. స్థానిక స్థాయి కమిటీ సమావేశం తేదీలు సచివాలయ బోర్డులపై పెట్టాలి. ఏ తేదీలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలపాలి."

ఇట్లు,
కొందరు తల్లిదండ్రులు, సంరక్షకులు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా